ఉత్తరాలు మోసినోళ్ళ ఉత్తరాలు ఏడున్నయి? - దళిత కుటుంబాల కాగితాలు, చరిత్ర రచన

వెట్టి అనగానే మన పుస్తకాల్లో దొర పొలం, దొర ఇంటి చాకిరీ, తోలు పని, మోత పని కనిపిస్తాయి. కాగితం మోయడం కూడా వెట్టేనన్న సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మాల మాదిగ ఇండ్ల నుంచి వంతులవారీగా ఒక మనిషి రావాలని, ఆ మనిషి పటేల్, పట్వారీల ఇండ్లల్లో పనిచేయడమే కాక పోలీసు ఠాణాకూ తహసీలు కచేరీకీ కాగితాలు మోయాలని సుందరయ్య గారి తెలంగాణ పోరాట గ్రంథంలో ఉంది. ఎండైనా వానైనా కాగితం చేరాలి. అందులో ఏముందో మోసినోనికి తెల్వదు. ఒక్కోసారి అది అతని మీద రాసిన ఫిర్యాదే అయినా కావచ్చు.

ఈ విషయం మాకు మళ్ళీ గుర్తుకొచ్చింది, చెన్నూరు దగ్గర ఒక వాడలో ట్రంకు పెట్టె ముందు కూర్చున్నప్పుడు. ఆ ఇంటివాళ్ళ పేరు గానీ ఊరి పేరు గానీ రాయడం లేదు. భూమి తగాదా ఇంకా తెగలేదు. తాత సుంకరి. తండ్రి మందమర్రి బొగ్గుబాయిల చేసి దిగిపోయిండు. కొడుకు సర్కారు బడిలో పంతులు. ఆ వాడకు వాళ్ళే పెద్దింటోళ్ళు. పెట్టె అడుగున ఫసలీ సంవత్సరాలు వేసిన ఉర్దూ రశీదులు, వాటిమీద ఒక ఖాస్రా పహాణీ నకలు, మడతల దగ్గర చిరిగిన లావుణి పట్టా, బాయి పని కాగితాలు, అంబేద్కర్ సంఘం చందా పుస్తకం ఒకటి, రబ్బరు బాండు వేసిన పది పన్నెండు ఇన్లాండు లెటర్లు. ఇవన్నీ ఒక పాత చీర ముక్కలో మూట. "మా అత్త కట్టిన ముడి ఇది, నేను విప్పితే మళ్ళా గట్లనే కడత" అన్నది ఆ ఇంటి పెద్దమ్మ. ఆమెకు చదువు రాదు. ఏ కాగితం ఏదో మాత్రం రంగును బట్టి, మడతను బట్టి చెప్పగలదు.

ప్రముఖ కుటుంబాల ఉత్తరాలు, సొంత కాగితాలు తరతరాలుగా కాపాడటం గురించి ఈ మధ్య బాగానే మాట్లాడుతున్నారు. మంచిదే. అయితే 'ప్రముఖ కుటుంబం' అన్న మాటకే ఒక కులం ఉందని మేము అంటున్నాం. చెన్నూరునే తీసుకోండి. గోదావరి ఒడ్డున అగస్త్యేశ్వరాలయం ఉన్న ఊరు, వేదపండితులకు పేరుపడ్డ ఊరు. 'అభినవ పోతన' అనిపించుకున్న వానమామలై వరదాచార్యులు ఉన్న ఊరు. ఇట్లాంటి ఊర్లో పాత రాత ఎక్కడుందని అడిగితే ఎవరైనా గుడి దిక్కు, అగ్రహారం దిక్కు చూపిస్తారు. వాడ దిక్కు చెయ్యి లేవదు.

చెయ్యి లేవకపోవడం ఊరివాళ్ళ తప్పు మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వం 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ పెట్టింది. 2025 బడ్జెట్లో దాన్నే 'జ్ఞాన భారతం' పేరుతో పెద్దది చేసింది. ఆ మిషన్ లెక్క ప్రకారం రాతప్రతి అంటే కనీసం 75 ఏళ్ళ పాతది, చేతిరాతది, శాస్త్ర, చారిత్రక, సౌందర్య విలువ ఉన్నది కావాలి. ఫర్మానాలు, రెవిన్యూ కాగితాలు దాని కిందికి రావు. అవి 'రికార్డులు', ఆర్కైవ్స్ చూసుకోవాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోతే అక్కడ షాజహాన్, ఔరంగజేబు నాటి కాగితాల నుంచి నిజాం దఫ్తర్ల దాకా ఉన్నాయి. అవి సర్కారు రాసుకున్న కాగితాలు. సర్కారు ఒక సుంకరి చేతికి ఇచ్చిన కాగితం అక్కడ నకలుగా దొరికితే దొరకవచ్చు. ఆ సుంకరి దాన్ని ఎట్లా దాచుకున్నాడో, దానికోసం ఎన్నిసార్లు చెన్నూరు, ఆసిఫాబాదు తిరిగిండో, దానిమీద కోడలు ముడి ఎట్లా వేసిందో అక్కడ దొరకదు. మా ట్రంకు పెట్టె రాతప్రతి కాదు, రికార్డూ కాదు. రెండు గుమ్మాల మధ్య అరుగు మీద పడి ఉంది.

ఆదిలాబాదు విషయంలో ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపిన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల మధ్యకు హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు, బడి పెట్టించాడు. ఆయన నోటు పుస్తకాలు, ఫోటోలు, సినిమా రీళ్ళు ఇప్పుడు లండన్‌లో, సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. అంటే ఆదిలాబాదు గోండు తాత ముఖం చూడాలంటే లండన్ పెట్టె తెరవాలి. హైమండార్ఫ్‌ను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన రాయకపోతే అదీ లేకపాయె. కానీ ఆయన పెట్టెలకు ఇల్లు దొరికింది, ఆయన ఎవరి గురించి రాసిండో వాళ్ళ పెట్టెలకు దొరకలేదు.

ఇక దళిత ఉద్యమంలో 'కుటుంబ కాగితాలు' అనదగ్గవి అసలు ఎక్కడ నిలిచినయో చూద్దాం. హైదరాబాదు రాజ్యంలో మనకు మొదట గుర్తుకొచ్చేది మాదరి భాగ్యరెడ్డివర్మ (1888-1939) కుటుంబం. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం, ఆ తర్వాత ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్. 1910లో ఇసామియా బజార్లో బడి. 1917 బెజవాడ సభ. 1931 జనగణనలో మనవాళ్ళను 'ఆది హిందువు'లుగా రాయించడం. ఇవన్నీ ఈనాడు ప్రతి అంబేద్కర్ జయంతి ఉపన్యాసంలోనూ వినిపిస్తున్నాయి. వినిపించడానికి కారణం ఎవరు? విశ్వవిద్యాలయాలు కాదు. ఆయన కొడుకు ఎం.బి. గౌతమ్ గారు తండ్రి కాగితాలు పట్టుకొని కూర్చున్నారు. వాటి ఆధారంగా రాశారు, 1991లో 'భాగ్యోదయం' అనే జీవిత చరిత్ర తెచ్చారు. గెయిల్ ఆమ్వెట్ 1994లో తన పెద్ద పుస్తకంలో హైదరాబాదు గురించి రాసినప్పుడైనా, యాగాటి చిన్నారావు 2003లో ఆంధ్ర, హైదరాబాదు దళిత పోరాటాల చరిత్ర రాసినప్పుడైనా ఈ కుటుంబం కాపాడిన వాటి ఋణం ఉంది. ఒక కొడుకు పెట్టెను చెదలకు వదిలేసి ఉంటే ఒక ఉద్యమంలో సగం మనకు చేరేది కాదు. ఈ మాట ముందు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత మేము చెప్పబోయేది విమర్శ.

కొడుకు కాపాడిన కాగితం తండ్రిని కాపాడుతుంది. అది సహజం. ఏ కొడుకైనా అభినందన పత్రాలు, అధ్యక్షోపన్యాసాలు, ప్రభుత్వానికి పెట్టిన అర్జీలు, పెద్దల ఉత్తరాలు దాస్తాడు. సంఘంలో తగాదాలు పడి విడిపోయినోళ్ళు రాసిన కోపం ఉత్తరాలు దాస్తాడా? దాచినా అచ్చు వేస్తాడా? ఇండ్లల్లో పిండి రుబ్బుతూ, వచ్చిన వందమందికి వండిపెట్టిన ఆడవాళ్ళ మాట ఏ కాగితం మీద ఎక్కింది? భాగ్యరెడ్డివర్మ భార్య గురించి మన ఉపన్యాసకులు ఎన్ని వాక్యాలు చెప్పగలరు? దేవదాసీ, జోగిని ఆచారం మీద ఆయన పోరాడిండని రాస్తాం. ఆ ఆచారం నుంచి బయటపడ్డ ఒక్క ఆడమనిషి పేరు చెప్పమంటే నోరు రాదు. ఆది హిందూ బడులను తర్వాత నిజాం సర్కారు తీసుకున్నది. ఆ బడుల్లో చదివిన పిల్లల హాజరుపట్టీ ఒక్కటి ఉన్నా చాలు, అది అధ్యక్షోపన్యాసం కంటే తక్కువ విలువైనదని మేము అనుకోం. కుటుంబం దాన్ని దాచదు. అది కుటుంబానిది కాదు కాబట్టి.

ఇంకొక సంగతి. ఈ కాగితాలన్నీ హైదరాబాదు పట్నానివి, చాదర్‌ఘాట్ చుట్టుపక్కలవి. జిల్లా కనబడదు. అచ్చయిన వాటిలోనే వెతికితే మాత్రం కొన్నిసార్లు జిల్లా బయటపడుతుంది. 'భాగ్యనగర్' పత్రికలో వర్మ రాసిన 'వెట్టి మాదిగ' కథ దశాబ్దాల తర్వాత పాత సంచికల్లోంచి బయటికి తీస్తేనే కదా మనకు తెలిసింది! తెలంగాణ తొలి దళిత కథ అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాం. వెట్టి మాదిగ పట్నంలో ఉండడు, ఊర్లో ఉంటడు. ఆయన గురించి కథ రాసిన మనిషి కాగితాలు నిలిచినయి. కథలో మనిషి కాగితాలు, పైన చెప్పిన చీర మూటల్లో తప్ప, ఎక్కడా లేవు.

కుటుంబం కాని మనిషి రాస్తే ఎట్లా ఉంటుందో చూడాలంటే పి.ఆర్. వెంకటస్వామి పుస్తకం చదవాలి. 1955లో సికింద్రాబాదులో రెండు సంపుటాలుగా ఇంగ్లీషులో అచ్చయింది. 1906 నుంచి 1953 దాకా ఉద్యమం కథ. ఆయన ఉద్యమంలో ఉన్నవాడు, నాయకులందరినీ దగ్గరనుంచి చూసినవాడు. భాగ్యరెడ్డివర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్ - ఎవర్నీ దేవుణ్ణి చేయలేదు. ఎవరు ఎవరితో ఎందుకు చెడ్డరో, సంఘాలు ఎట్లా చీలినయో రాసిండు. అర్జీలు, తీర్మానాలు పుస్తకంలోనే అచ్చేసిండు. ఒకవిధంగా అది పుస్తకం రూపంలో ఉన్న ట్రంకు పెట్టె. ఆయన పక్షపాతాలు ఆయనకున్నయి, వాటిని దాచుకోలేదు. మరి మనం ఏం చేసినం? 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్ళీ అచ్చు వేసేదాకా, 65 ఏళ్ళు, ఆ పుస్తకం జిరాక్సు కాపీలుగా చేతులు మారింది. ఒకరి దగ్గర ఒక సంపుటం ఉంటే ఇంకొకరి దగ్గర రెండోది. దళిత రాజకీయాల గురించి 1990ల్లో ఎంత రాసినం, ఎన్ని సభలు పెట్టినం! ఈ పని మాత్రం చేయలేదు. ఈ తప్పులో మేమూ ఉన్నాం.

'అంబేద్కర్ కాగితాలకు దిక్కులేకపాయె, మన తాతల కాగితాలెంత' అనేవాళ్ళున్నారు. నిజమే, 1956 డిసెంబరు 6 తర్వాత ఆయన రాతప్రతులు కోర్టు అధీనంలోకి పోయి పెట్టెల్లో మగ్గినయి. మహారాష్ట్ర ప్రభుత్వం మొదటి సంపుటం తెచ్చేసరికి 1979 అయింది. 'రిడిల్స్' 1987లో వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో తెలిసిందే. ఆయన తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న పుస్తకంగా 1990లో గానీ రాలేదు. దీన్నుంచి తేల్చుకోవలసింది 'ఎంత' అని కాదు. రాజ్యాంగం రాసిన మనిషి కాగితాలే ఇట్లా ఎదురుచూసినయంటే మిగతావి ఎదురుచూడలేవని. గాంధీ రచనలు నూరు సంపుటాలు 1958లో మొదలై 1994కు పూర్తయినయి. నెహ్రూ ఇల్లే మ్యూజియం అయింది. ఆ నెహ్రూ కాగితాల మీద కూడా ఇప్పుడు పేచీ: 2008లో 51 పెట్టెలు సోనియాగాంధీ దగ్గరికి పోయినయని, వాపసు ఇయ్యాలని 2024లో ఆ సంస్థ నుంచి ఉత్తరం పోయింది. ఉత్తరాలు కుటుంబానివా, దేశానివా అని పెద్ద చర్చ. చర్చ చేసుకోనీయండి. మన దగ్గర ఆ ప్రశ్న కాస్త వేరే తీరుగా ఉంది.

మన దగ్గర కాగితం అంటే ముందు భూమి. పండితుని కొడుకు తండ్రి ఉత్తరం దాచేది గౌరవానికి. వాడలో దాచేది రేపు ఎమ్మార్వో ఆఫీసులో చూపించడానికి. 1954-55 ఖాస్రా పహాణీలో పేరుందా లేదా, 1950 కౌలుదారీ చట్టం 38-ఇ కింద సర్టిఫికెట్ వచ్చిందా, సర్కారు ఇచ్చిన లావుణి పట్టాను 1977 చట్టానికి విరుద్ధంగా ఎవరన్నా కొన్నరా - ఈ లెక్కలన్నీ ఆ చీర మూటలో ఉంటాయి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది, అయినా దఫ్తరం దొర ఇంట్లోనే ఉండిపోయిన ఊర్లు మనకు తెలియనివి కావు. 2020లో వీఆర్వోలు పోయిండ్రు, ధరణి వచ్చింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ఊరూరా తాత తరం నుంచి కాగితం మోసిన సుంకరి వారసులు వీఆర్ఏలుగా 2023 దాకా కాగితాలు మోస్తూనే ఉండి, తర్వాత వేరే శాఖల్లోకి సర్దుబాటయిండ్రు. ఎన్ని మారినా కంప్యూటర్లో పేరు లేనోడు మళ్ళీ మూట విప్పవలసిందే. అందుకే పరిశోధకుడు వచ్చి 'ఒకసారి ఇస్తే స్కాన్ చేసుకొని ఇస్తా' అంటే వాళ్ళు అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం చదువులేనితనం అనుకోవడం మన అహంకారం. కాగితం చేయి దాటితే భూమి చేయి దాటుతుందని వాళ్ళు చూసిందే.

ఇక ఆ ఇన్లాండు లెటర్ల సంగతి. అవి ఆ ఇంటి చిన్నతాత బొంబాయి నుంచి పంపినవి. పంపినవి అంటున్నాం గానీ రాసినవి కావు. ఆయన చెప్తే ఎవరో రాసిండ్రు. చేతిరాత మూడు తీర్లుగా ఉంది. ఇక్కడ వచ్చినంక ఎవరో చదివి వినిపించిండ్రు. అంటే రాసేవాడొకడు, చదివేవాడొకడు, మధ్యలో అన్నకూ తమ్మునికీ నడిచిన మాట. ఆస్తి తగాదా గానీ, పెండ్లాం మీద బెంగ గానీ అందులో ఏం చెప్పుకోగలడు? అన్ని ఉత్తరాలూ "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలై, ఎంత పంపిందీ చెప్పి, "అందరికీ పేరుపేరున నమస్కారాలు" అని ముగుస్తాయి. ప్రముఖుల ఉత్తరాల సంపుటాలు చదివి అలవాటైనవాళ్ళకు ఇందులో ఏమీ లేదనిపిస్తుంది. మాకూ మొదట అట్లనే అనిపించింది. పెద్దమ్మ ఒక ఉత్తరం చేతిలోకి తీసుకొని "ఇండ్ల నా పేరు లేదు. అలిగిండప్పుడు" అన్నది. ఆ పేర్ల వరుసలో ఎవరి పేరు ముందుంది, ఎవరిది లేదు అన్నదే ఉత్తరం. మిగతాదంతా రాసినోని మర్యాద. ఆమె చెప్పకపోతే ఆ పన్నెండు ఉత్తరాలు స్కాన్ చేసుకొని వచ్చినా మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కాబట్టి కాగితాన్ని కాపాడటం అంటే కాగితం పక్కన కూర్చొని చెప్పే మనిషి గొంతును కూడా పట్టుకోవడం. ఆ గొంతుకు వయసు మీదపడుతున్నది.

మన దగ్గర కుటుంబ చరిత్ర దాచే పని ఎప్పుడూ కుటుంబమే చేయలేదు. మాదిగ ఇండ్ల వంశం, గోత్రం దక్కలి వాళ్ళు చెప్తారు. పటం పరిచి జాంబ పురాణం చెప్తారు. పద్మశాలీలకు కూనపులి, గొల్లలకు మందెచ్చులు, అట్లా ఒక్కో కులానికి చెప్పేవాళ్ళున్నారు. ఇది ఒక ఆర్కైవ్. దానికి నడిచే కాళ్ళున్నాయి. దక్కలి మాదిగ కంటే కింద అని మాదిగ అనుకుంటడు, తన చరిత్ర చెప్పేవాణ్ణి గడప ఎక్కనీయడు. ఈ మాట కూడా మనమే చెప్పుకోవాలి, బయటివాడు వచ్చి చెప్పేదాకా ఆగకూడదు. పటం పాతబడితే దాన్ని పూజచేసి నీళ్ళల్లో కలుపుతారు. కొత్త పటం వేయిస్తారు. ఆ దృష్టిలో వస్తువు పోవచ్చు, కథ నిలవాలి. మ్యూజియం వాళ్ళకు ఇది వినాశనం. మాకు ఎటూ తేల్చుకోవడం కష్టంగా ఉంది. పాత పటం గోదాట్లో కలిసిందంటే ప్రాణం ఉసూరుమంటుంది. అది వాళ్ళ మర్యాద, ఆపడానికి మనం ఎవరం అని కూడా అనిపిస్తుంది. కలిపే ముందు ఒక ఫోటో తీయనిస్తరా అని అడగడం వరకే మా హక్కు అనుకుంటున్నాం.

గోదారి ఇష్టపూర్తిగా కలిపినవాటినే తీసుకోదు. 2022 జూలైలో చెన్నూరు, కోటపల్లి మండలాల్లో ఎట్లా వచ్చిందో చూసినం. మేడిగడ్డ వెనుక నీళ్ళతో పొలాలు మునగడం అంతకుముందు నుంచే ఉంది. పంట నష్టం లెక్క రాయడానికి అధికారులు వచ్చిండ్రు, ఇండ్లు ఎన్ని కూలినయో రాసిండ్రు. ట్రంకు పెట్టెల లెక్క ఏ కాలమ్‌లో రాస్తరు?

పరిశోధకుల మీద కూడా ఒక మాట చెప్పకుండా ఉంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 'దళిత చరిత్ర రాస్తున్నాం' అని వచ్చి ఫోటోలు, కరపత్రాలు, చందా పుస్తకాలు తీసుకుపోయి తిరిగి ఇయ్యనోళ్ళు మనలోనే ఉన్నారు. పీహెచ్‌డీ అయిపోయినంక ఇల్లు మారుతరు, ఫోను నంబరు మారుతది. పైన చెప్పిన ఇంట్లోనే ఒక గ్రూపు ఫోటో లేదు. 1970ల్లో సంఘం పెట్టిననాటి ఫోటో, ఎవరో సారు తీసుకపోయిండని చెప్పిండ్రు. ఆ సారు ఎవరో మాకు తెలుసు, పేరు రాయం. ఆయన పుస్తకంలో ఆ ఫోటో ఉంది. కింద ఒక్క మనిషి పేరు కూడా లేదు.

అందుకని మేము అసలు కాగితం అడగడం మానేసినం. సెల్‌ఫోన్‌తోనైనా సరే ఇంటి అరుగు మీదనే ఫోటో తీసి, ఒక ప్రింటు వాళ్ళకిచ్చి, వెనుక పెన్సిల్‌తో ఎవరెవరో రాయించి వస్తున్నాం. లావుణి పట్టాకు లామినేషన్ చేయించవద్దని కూడా చెప్తున్నాం. మంచిదనుకొని చాలామంది చేయిస్తున్నారు. ప్లాస్టిక్ అతుక్కున్న కాగితం పాడైతే మళ్ళీ విడదీయలేం. మడతలు సాపు చేసి, ముతక బట్టలో చుట్టి, నేల తగలకుండా పెడితే చాలు. పెద్దమ్మ మూట అట్లనే ఉంది, మా సలహా ఆమెకు అక్కరలేదు.

ఇక ఈ నియోజకవర్గంలోనే ఉన్న 'ప్రముఖ' దళిత కుటుంబం సంగతి. గుడిసెల వెంకటస్వామిగా పేరుపడ్డ జి. వెంకటస్వామి (1929-2014) తరం, ఆయన కొడుకుల తరం, మనవడి తరం. చెన్నూరు నుంచి 2004లో వినోద్, 2023లో వివేక్ గెలిచిండ్రు. 2024లో మనవడు పెద్దపల్లి ఎంపీ అయిండు. రాజకీయంగా ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండనీయండి. గుడిసెలవాళ్ళ తరఫున, బొగ్గుబాయి కార్మికుల తరఫున అర్ధశతాబ్దానికి పైగా మాట్లాడిన నాయకునికి వేలల్లో అర్జీలు వస్తాయి. నాయకుని ఉపన్యాసం పేపర్లో దొరుకుతుంది. నాయకుడు అందుకున్న అర్జీ, చేతికి వచ్చిన పెన్నుతో బిడ్డ చేత రాయించి వేలిముద్ర వేసింది, ఇంకెక్కడా దొరకదు. పలుకుబడి ఉన్న దళిత కుటుంబాలన్నిటినీ మేము అడిగేది ఇదే: మీ తాతగారికి ప్రధానమంత్రులు రాసిన ఉత్తరాలు ఫ్రేము కట్టించుకోండి, అభ్యంతరం లేదు. ఆ అర్జీల కట్టలు తూకానికి అమ్మకండి. కూలివాడి పేరుతో, ఊరి పేరుతో, తారీఖుతో ఉన్న కాగితం అది. అడిగింది వచ్చిందా రాలేదా అన్నది ఊర్లో ఇంకా చెప్పేవాళ్ళున్నారు.

మేము లేచి వస్తుంటే పెద్దమ్మ మూట కట్టింది. ముడి అదే తీరుగా పడలేదు. విప్పి మళ్ళా కట్టింది. ఉర్దూ రశీదుల్లో ఏముందో చదివి చెప్పే మనిషిని తీసుకొస్తమని మాట ఇచ్చినం. చెన్నూరులో ఉర్దూ దస్తావేజు చదివే ముసలాయన ఒకరు ఉన్నరని తెలిసింది. వచ్చే నెల ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలి.